డెబ్భైల నాటి పోస్టర్‌కి ఫాంట్ పేరు ఒక్కటే చాలదు

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. 1970ల నాటి తీరులో ఒక పోస్టర్ చేయాలి, ఏ ఫాంట్ వాడితే ఆ కాలం కనిపిస్తుంది అన్నది ఒకటి. అసలు ఒక్కో కాలపు అక్షరాలకు ఒక్కో మొహం ఎందుకుంటుంది, దానికి కారణం టెక్నాలజీనా లేక సంగీతం, సినిమా, ఫ్యాషన్‌లాంటివా అన్నది రెండోది. మొదటిదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కానీ అలా చెబితే మీ చేతికొచ్చేది డెబ్భైల పోస్టర్ కాదు, డెబ్భైల వేషం కట్టిన ఇప్పటి పోస్టర్. అందుకని రెండోదాంతో మొదలుపెడతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సీసం అక్షరాలు చేత్తో పేర్చే రోజుల ఆఖర్లో నేను ఈ పనిలో అడుగుపెట్టాను. తర్వాత ఫొటో కంపోజింగ్, ఆ తర్వాత డీటీపీ, ఇప్పుడు ఫోన్ స్క్రీన్లు. ఇన్నిటి మధ్య నాకు అర్థమైంది ఇది. ఏ పని తేలిక, ఏది చవక, ఏది కుదరదు అన్నది మిషన్ తేలుస్తుంది. ఆ తేలికైనవాటిలో ఏది నిలవాలి, దాన్ని చూడగానే మనసుకు ఏం తట్టాలి అన్నది జనం తేలుస్తారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఒక కాలానికి గుర్తుగా మిగిలిపోయేది చాలాసార్లు ఆ మిషన్ గొప్పతనం కాదు, దాని చేతగానితనం.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ బ్యాంకు చెక్కు మీద ఉంది. మీ దగ్గర చెక్కుబుక్కు ఉంటే తీసి కింది అంచు చూడండి. ఒక వరస అంకెలుంటాయి. చాలా దేశాల్లో అవి ఒకే తీరులో ఉంటాయి. గీత సన్నగా పోతూ పోతూ ఉన్నట్టుండి ఉబ్బుతుంది. ఒకటి అంకె కింద దిమ్మె కట్టినట్టుంటుంది. సున్నా గుండ్రంగా కాకుండా డబ్బాలా ఉంటుంది. ఈ అంకెల పేరు ఇ-13బి. 1950ల్లో అమెరికాలో చెక్కులు కుప్పలుతెప్పలుగా పెరిగిపోయి మనుషులు లెక్క చూడలేని పరిస్థితి వచ్చినప్పుడు, బ్యాంక్ ఆఫ్ అమెరికా కోసం స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన పనిలోంచి పుట్టాయి. సిరాలో అయస్కాంతానికి పనికొచ్చే పొడి కలిపి అచ్చు వేస్తారు. చెక్కు రీడర్ ముందునుంచి దూసుకుపోయేటప్పుడు గీత లావు మారిన చోటల్లా విద్యుత్ సంకేతం మారుతుంది. ఒక్కో అంకెకు ఒక్కో రకం సంకేతం రావాలి, ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోకూడదు. ఆ దిమ్మెలు, ఉబ్బులు అందుకోసం. అందం కోసం ఒక్క గీత కూడా గీయలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఇ-13బిలో ఉన్నవి మొత్తం 14 గుర్తులు. పది అంకెలు, నాలుగు బ్యాంకు గుర్తులు, అంతే. అక్షరాలు లేనే లేవు! అయినా 1960ల మధ్యలో లియో మాగ్స్ అనే డిజైనర్ ఆ ఉబ్బుల తీరు పట్టుకుని అక్షరాలన్నీ గీశాడు. దాని పేరు వెస్ట్‌మినిస్టర్. 1970లో బాబ్ న్యూమన్, రుద్ది అంటించే అక్షరాలమ్మే లెట్రాసెట్ కంపెనీ కోసం డేటా 70 అని ఇంకొకటి గీశాడు. ఇక చూడండి, కంప్యూటర్ అన్నా, రోబో అన్నా, అంతరిక్షం అన్నా, రేపటి ప్రపంచం అన్నా పుస్తకాల అట్టల మీదా పోస్టర్ల మీదా ఆ ఉబ్బు అక్షరాలే. నిజానికి ఆ రోజుల్లో కంప్యూటర్లు లైన్ ప్రింటర్ మీద కొట్టినవి సాదాసీదా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు. ఉబ్బు అక్షరాలు ఏ కంప్యూటరూ ఎన్నడూ రాయలేదు. మిషన్ ఇచ్చింది పది అంకెల గతిలేనితనం. మిగతాదంతా జనం ఊహ. ఇప్పటికీ పాతకాలపు ‘భవిష్యత్తు’ చూపించాలంటే మనం దాన్నే వాడతాం.

కాబట్టి టెక్నాలజీనా, పాపులర్ కల్చరా అని రెండు గదుల్లో పెట్టి అడిగితే జవాబు దొరకదు. ఒకటి మట్టి ఇస్తుంది, రెండోది కుండ చేస్తుంది. కొన్నిసార్లు మట్టి ఆరిపోయాక, మిషన్ మూలకు చేరాక, అప్పుడొచ్చి కుండ చేస్తుంది.

వెనక్కి వెళ్తే ఇంకో అలవాటు కనిపిస్తుంది. కొత్త మిషన్ ఏది వచ్చినా ముందు పాతదాన్ని కాపీ కొడుతుంది. 1455 ప్రాంతంలో గుటెన్‌బర్గ్ మైన్జ్‌లో బైబిల్ అచ్చు వేసినప్పుడు కొత్త అక్షరాలేవీ కనిపెట్టలేదు. లేఖకులు పెన్నుతో రాసే నల్లటి, దట్టమైన, కోణాల అక్షరాన్ని ఉన్నదున్నట్టు సీసంలోకి దింపాడు. ఒకే అక్షరానికి వెడల్పు తేడాలతో రెండు మూడు రూపాలు కూడా పోత పోయించాడు, చేతిరాతలాగే వరసలు సమంగా రావాలని. అచ్చు తనదైన మొహం వెతుక్కోవడానికి కొంత టైం పట్టింది. 1470లో వెనిస్‌లో నికోలస్ జెన్సన్ వేసిన పుస్తకాల్లోని అక్షరాలు ఇప్పటి పాఠకుడి ముందు పెట్టినా తడబడకుండా చదివేస్తాడు. 1501లో అదే వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ చేతిలో పట్టేంత చిన్న పుస్తకాలు వేయడం మొదలుపెట్టి, ఫ్రాన్సెస్కో గ్రిఫో చేత వాలు అక్షరాలు చెక్కించాడు. మనం ఈరోజు ఒక మాట నొక్కి చెప్పడానికి వాడే ఇటాలిక్ అదే. అప్పట్లో పుస్తకం మొత్తం అందులోనే ఉండేది. అది చదువుకున్నవాళ్ల చేతిరాత పోలిక, అంటే ఆనాటి ఫ్యాషన్.

ఇక కాగితం సంగతి. ఇంగ్లండులో జాన్ బాస్కర్‌విల్ 1757లో రోమన్ కవి వర్జిల్ కావ్యాలు అచ్చు వేశాడు. నునుపైన కాగితం, చిక్కటి నల్ల సిరా, అచ్చయిన కాగితాన్ని వేడి రేకుల మధ్య నొక్కడం, ఇవన్నీ కలిసొచ్చి అంతకుముందు గరుకు కాగితం మీద విరిగిపోయే సన్నగీతలు ఇప్పుడు నిలిచాయి. వెంటనే ఏడుపులు మొదలయ్యాయి. ఈ గీతలు కళ్లు పోగొడతాయి అని ఒక పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్ దగ్గర వాపోయాడట. ఫ్రాంక్లిన్ కొంటెవాడు కదా, అప్పటికే అందరికీ అలవాటైన కాస్లన్ అనే అక్షరాల నమూనా కాగితం తీసుకుని పైన పేరు చింపేసి, ఇదే బాస్కర్‌విల్ అని చేతికిచ్చాడు. ఆయన ఒక్కో అక్షరంలో తప్పులు వెతికి, ఇది చదువుతుంటేనే కళ్లు మండుతున్నాయి అన్నాడు. ఈ సంగతి ఫ్రాంక్లిన్ 1760లో బాస్కర్‌విల్‌కే ఉత్తరం రాశాడు. ఫాంట్ల మీద క్లయింట్లు చెప్పే అభిప్రాయాలు విన్నప్పుడల్లా నాకు ఆ ఉత్తరమే గుర్తొస్తుంది.

బాస్కర్‌విల్ తర్వాత పారిస్‌లో డీడో, పార్మాలో బొడోని ఆ సన్నగీతను వెంట్రుక మందానికి తెచ్చారు. ఇప్పుడు 2013కి రండి. 2010లో వచ్చిన ఐఫోన్ 4 తెర మీద అంగుళానికి 326 చుక్కలు. కంటికి చుక్కలు విడివిడిగా కనబడనంత నునుపు. మూడేళ్లకు ఐఓఎస్ 7లో ఏం చేశారు? హెల్వెటికా న్యూయె అనే ఫాంట్ సన్నటి రూపాన్ని తెరంతా పరిచారు. మళ్లీ అదే ఏడుపు, చదవలేకపోతున్నాం అని. విడుదలకు ముందే మందం పెంచాల్సి వచ్చింది, అక్షరాలు బోల్డ్ చేసుకునే సెట్టింగ్ కూడా ఇచ్చారు. కాగితం నున్నబడితే ఒకసారి, తెర నున్నబడితే ఇంకోసారి, రెండున్నర శతాబ్దాల తేడాతో మనుషులు అదే పని చేశారు. చేయగలం అని తెలిసిన రోజున చేయకుండా ఉండలేరు.

పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి అక్షరం పుస్తకంలోంచి గోడ మీదికెక్కింది. ఫ్యాక్టరీ సరుకు అమ్మాలి, సర్కస్‌కి జనాన్ని పిలవాలి, రైలు టైములు చెప్పాలి. లావుపాటి అక్షరాలు, గీత చివర దిమ్మెలాంటి తోకలున్న స్లాబ్ సెరిఫ్‌లు, అసలు తోకలే లేని సాన్స్ సెరిఫ్ (మొదటిది 1816 ప్రాంతంలో నాలుగో విలియం కాస్లన్ చూపించాడు), అన్నీ ఆ ఇరవై ముప్ఫై ఏళ్లలోనే. కానీ గోడమీది అక్షరానికి సీసం పనికిరాదు. జానెడు అక్షరం పోత పోస్తే మోయలేనంత బరువు, బోలెడు ఖర్చు, పైగా చల్లారేటప్పుడు మధ్యలో లోతు పడి సిరా సరిగ్గా అంటదు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్కను తొలిచే రౌటర్‌తో చెక్క అక్షరాలు చేయడం మొదలుపెట్టాడు. 1834లో విలియం లెవన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. ఒక నమూనా గీస్తే చాలు, దాన్ని సాగదీసి, నొక్కి, పెంచి, తగ్గించి ఎన్ని రకాలైనా కోసుకోవచ్చు.

ఆ కాలపు పోస్టర్‌లో ఒక్కో వరస ఒక్కో ఫాంట్‌లో ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. అది అభిరుచి లేక కాదు. కాగితం వెడల్పు మారదు, మాటల పొడవు మారుతుంది. చిన్న మాటైతే బాగా వెడల్పాటి అక్షరాలు, పెద్ద మాటైతే బక్కపలచటి అక్షరాలు, అరలో ఏవి ఉంటే అవి పెట్టి వరస నింపేవాళ్లు. ఆ సర్దుబాటే స్టైల్ అయింది. తర్వాత కౌబాయ్ సినిమాలు ఆ చెక్క అక్షరాలను పట్టుకుని ఎంతగా వాడాయంటే, లండన్‌లో సబ్బుకూ సర్కస్‌కూ కూడా వాడిన అక్షరం ఇప్పుడు చూస్తే గుర్రాలు, తుపాకులు తప్ప ఏమీ తట్టవు. అక్షరానికి మిషన్ పుట్టుక ఇస్తే సినిమా ఊరు పేరు మార్చేసింది.

ఇక్కడే లిథోగ్రఫీ గురించి ఒక మాట. రాతి మీద నేరుగా గీసి అచ్చు వేయొచ్చు కాబట్టి చిత్రకారుడే అక్షరం కూడా గీసేవాడు. 1890ల పారిస్ పోస్టర్లలో అక్షరాలు తీగల్లా వంకర్లు తిరగడానికి కారణం అదే, సీసం కట్టె మీద కూర్చోవాల్సిన పని వాటికి లేదు.

లైనోటైప్ సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు గానీ మాకు అదొక పాఠం. 1886లో న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో ఒట్మర్ మెర్గెన్‌తాలర్ మిషన్ పనిలోకి దిగింది. కీ నొక్కితే అచ్చు దిమ్మలు జారి వచ్చి వరసగా నిలబడతాయి, వాటిలో సీసం పోసి వరస మొత్తం ఒకే ముక్కగా తీస్తుంది. పత్రికలకు వరం. కానీ ఒక్కో దిమ్మలో మామూలు అక్షరం, దాని ఇటాలిక్ జంటగా ఉంటాయి. రెండూ ఒకే వెడల్పులో ఇరుక్కోవాలి. ఇటాలిక్ సహజంగా సన్నటిది, దాన్ని లాగి వెడల్పు చేయాలి. ‘ఎఫ్’ అక్షరం తల పక్క అక్షరం మీదికి వాలడానికి వీల్లేదు, కాబట్టి మెడ విరిచినట్టు కుదించారు. మూడు తరాల పాఠకులు ఆ విరిగిన మెడనే చదువుకున్నారు. 1960ల్లో యాన్ చిఖోల్డ్ సాబన్ అనే ఫాంట్ గీసినప్పుడు షరతు ఏమిటంటే చేతి కంపోజింగ్‌లో, లైనోటైప్‌లో, ఒక్కో అక్షరాన్ని విడిగా పోత పోసే మోనోటైప్ మిషన్‌లో ఒకే రకంగా రావాలి. ఆ మిషన్లు పోయాయి, సాబన్ ఇటాలిక్‌లో ఆ వెడల్పు మాత్రం పాత దెబ్బ తాలూకు మచ్చలా ఇంకా ఉంది.

ఇప్పుడు మీ డెబ్భైలకు వద్దాం. ఇది వివరంగా చెప్పాలి.

సీసం రోజుల్లో ఒక్కో అక్షరం ఒక్కో కట్టె మీద కూర్చుని ఉంటుంది. పక్కపక్కన పెడితే కట్టెకు కట్టె తగులుతుంది, అంతకన్నా దగ్గరికి రాదు. తెమ్మంటే సీసాన్ని రంపంతో కోయాలి. నేను కోశాను, చేతికి గాటు కూడా పడింది. ఫొటో కంపోజింగ్ వచ్చాక అక్షరం ఫిల్ము మీద పారదర్శకమైన బొమ్మ. దానిగుండా లైటు పోయి ఫొటో కాగితం మీద పడుతుంది. ఇక కట్టె లేదు, అడ్డు లేదు. అక్షరాన్ని అక్షరం మీదికి ఎక్కించినా అడిగేవాడు లేడు. రంపం పని ఒక మీట తిప్పడంతో అయిపోయింది. అవకాశం దొరికాక ఆగుతారా? డెబ్భైల ప్రకటనల్లో హెడ్డింగులు చూడండి, అక్షరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. తగలాలా వద్దా అన్నట్టు, వెంట్రుకవాసి సందు.

ఆ పద్ధతికి గురువు హెర్బ్ లూబాలిన్. 1968లో ఆవాంత్ గార్డ్ అనే పత్రికకు పేరు గీసినప్పుడు వాలు గీతలున్న పెద్దబడి అక్షరాలను ఒకదాన్లో ఒకటి దూర్చేశాడు. 1970లో ఆరన్ బర్న్స్, ఎడ్వర్డ్ రాండ్‌థేలర్‌తో కలిసి ఐటీసీ అనే ఫాంట్ సంస్థ పెట్టాడు. ఆ పత్రిక పేరు అక్షరాలే పూర్తి ఫాంట్‌గా మారి ప్రపంచమంతా తిరిగాయి. అందరూ ఆ జంట అక్షరాలను ఎక్కడ పడితే అక్కడ గుచ్చేశారు, అది వేరే కథ.

రెండో మార్పు ఇంకా లోతైనది, జనం గమనించనిది. సీసంలో ఆరు పాయింట్ల అక్షరం వేరు, అరవై పాయింట్ల అక్షరం వేరు, ఒక్కో సైజుకు విడిగా చెక్కేవాళ్లు. చిన్నదాన్ని కాస్త లావుగా, వెడల్పుగా, గాలి ఆడేలా చేసేవాళ్లు. ఫొటో మిషన్‌లో సాధారణంగా ఒక్క ఫిల్ము నుంచే లెన్సుతో అన్ని సైజులూ తీసేస్తారు. దాంతో చిన్న సైజులో గీతలు పీలగా వచ్చేవి. పైగా లైటు ఫిల్ము అంచు దగ్గర కాస్త ఒలికి మూలలు మొద్దుబారేవి. ఎడ్రియన్ ఫ్రూటిగర్ లాంటి డిజైనర్లు అందుకే ఫిల్ము కోసం గీసే అక్షరాల మూలల్లో చిన్న ముళ్లు పెట్టేవాళ్లు, ఒలికిన లైటు ఆ ముల్లును తినేసి మూల సరిగ్గా వచ్చేలా. మాథ్యూ కార్టర్ 1978లో ఏటీ అండ్ టీ టెలిఫోన్ డైరెక్టరీల కోసం చేసిన బెల్ సెంటెనియల్‌ను పెద్దగా చేసి చూస్తే అక్షరాల సందుల్లో ఎలుక కొరికినట్టు గాట్లుంటాయి. చవక కాగితం మీద సిరా పాకి వచ్చి ఆ గాట్లు నింపేస్తుంది. అచ్చులో కనబడకూడదని పెట్టిన ఆ గాట్లను ఇప్పటి కుర్ర డిజైనర్లు జానెడంత సైజులో, కావాలని కనబడేలా వాడుతున్నారు. సిరా లేని తెర మీద సిరా గాట్లు! నాకు నవ్వొస్తుంది, కానీ బాగానే ఉంటాయి, ఒప్పుకోవాలి.

మూడోది ఆకారం. డెబ్భైలంటే గుర్తొచ్చే ఉబ్బు, మెత్తదనం. ఆ మెత్తని అక్షరాల్లో అందరికన్నా ముందు కూపర్ బ్లాక్. అది 1922 నాటిది. సూవనీర్ అనే ఇంకో మెత్తటి ఫాంట్? దాని మూలం 1914లో మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసింది, 1970లో ఎడ్ బెంగ్వియాట్ ఐటీసీ కోసం మళ్లీ గీశాడు. అంటే మనం డెబ్భైల మొహం అనుకునేది తాతల నాటిది. ఫొటో కంపోజింగ్ వల్ల పాత ఫాంట్‌ని ఫిల్ముకెక్కించడం చవకైపోయింది, పాత కేటలాగులన్నీ దులిపారు. కానీ దులిపినవాటిలో మెత్తటివే ఎందుకు గెలిచాయి? అంతకుముందు పదేళ్లు హెల్వెటికా రాజ్యం. 1957లో స్విట్జర్లాండ్‌లో పుట్టి, విమానాల కంపెనీలకూ బ్యాంకులకూ ప్రభుత్వాలకూ యూనిఫాం అయిపోయింది. ఆ ఇస్త్రీ చొక్కా మీద విసుగు పుట్టినవాళ్లకు మెత్తటి గుండ్రటి అక్షరం లుంగీ కట్టుకున్నంత హాయి. ఇది ఏ మిషనూ తేల్చలేదు, అచ్చంగా జనం మూడ్.

ఇలాంటిదే 1966–67లో శాన్ ఫ్రాన్సిస్కో పోస్టర్లలో జరిగింది. వెస్ విల్సన్ అక్షరాలు నిప్పు మీద కరిగినట్టుంటాయి, ఒక్క మాట చదవడానికి నిలబడాల్సిందే. ఆ తీరు ఆయనకు దొరికింది 1900ల మొదట్లో వియన్నాలో ఆల్‌ఫ్రెడ్ రోలర్ గీసిన పోస్టర్లలో. ఆఫ్‌సెట్ ప్రింటింగ్ వల్ల చేత్తో గీసిందేదైనా అచ్చు అయిపోతుంది కాబట్టి టైపుసెట్టింగ్ ఖర్చే లేదు. చదవలేకపోవడమే ఆకర్షణ. మనవాడైతే చదువుతాడు, పెద్దవాళ్లు చదవలేరు, ఇంకేం కావాలి కుర్రకారుకు. పదేళ్లకు పంక్ సంగీతం వచ్చినప్పుడు జేమీ రీడ్ పత్రికల్లోంచి కత్తిరించిన అక్షరాలు అతికించి, కిడ్నాపర్ బెదిరింపు ఉత్తరంలా చేశాడు. కత్తెర, జిగురు, జిరాక్స్ మిషన్ ఉంటే చాలు. డబ్బు లేకపోవడం కూడా ఒక స్టైలే.

తర్వాతి ముప్ఫై ఏళ్లు గబగబా చెబుతాను. 1984లో మొదటి మాకింటోష్‌కి సూసన్ కేర్ చుక్కచుక్కగా అక్షరాలు పేర్చింది, అంగుళానికి 72 చుక్కల తెర మీద. మరుసటి ఏడాది జుజానా లిచ్కో ఇంకో అడుగు వేసింది. చుక్కల మెట్లను దాచకుండా వాటితోనే ఫాంట్లు గీసింది. మనం దేన్ని ఎక్కువగా చదువుతామో దాన్నే బాగా చదవగలం అని ఆవిడ వాదన, నేను ఒప్పుకుంటాను. ఇప్పుడు పాత వీడియోగేముల మీద మమకారంతో కుర్రాళ్లు ఆ మెట్ల అక్షరాలు వెతుక్కుని మరీ వాడుతున్నారు. 1986లో ఫాంటోగ్రాఫర్ అనే ప్రోగ్రాం వచ్చి ఇంట్లో కూర్చుని ఎవరైనా ఫాంట్ చేసుకోవచ్చన్నప్పుడు చిరిగిన, గీకిన, మరకలు పడ్డ అక్షరాలు వెల్లువెత్తాయి. రే గన్ అనే సంగీత పత్రికలో డేవిడ్ కార్సన్ 1994లో ఒక ఇంటర్వ్యూ బోరుగా ఉందని మొత్తం బొమ్మల ఫాంట్‌లో వేసేశాడు. 1996లో వచ్చిన వెర్డానా, జార్జియా అనే ఫాంట్లు మాత్రం మాథ్యూ కార్టర్ ముతక తెరల కోసం ముందు చుక్కల్లో గీసి, తర్వాత గీతల్లోకి మార్చినవి. ఫర్నిచర్ కంపెనీ ఐకియా 2009లో ఫ్యూచురా ఫాంట్ మానేసి కాగితం కేటలాగు మీద వెర్డానా వాడితే జనం గోల పెట్టారంటే, తెర అక్షరం కాగితం మీద ఎంత పరాయిగా కనబడిందో చూడండి.

ఫాంట్‌కి కాలం ఎంత గట్టిగా అంటుకుంటుందో కోర్టు దాకా వెళ్లిన కథ ఒకటుంది. 2017లో పాకిస్తాన్‌లో అప్పటి ప్రధాని కుటుంబం ఆస్తుల కేసులో 2006 తేదీ వేసిన ఒక పత్రం దాఖలైంది. అక్షరాలు కాలిబ్రీ అనే ఫాంట్‌లో ఉన్నాయి. కాలిబ్రీ మామూలు జనానికి విండోస్ విస్టా, ఆఫీస్ 2007తో అందింది 2007 మొదట్లో. తేదీ ఒక మాట చెబుతుంటే అక్షరం ఇంకో మాట చెప్పింది.

నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి, ఎందుకంటే అది మీ పోస్టర్‌కి పనికొస్తుంది. చాలా ఏళ్ల కిందట ఒక నాటకం కోసం 1940ల నాటి పత్రిక పేజీ నకలు చేయమన్నారు. నేను ఫాంట్ విషయంలో పట్టుబట్టి, ఆ దశాబ్దంలో వాడిందే వెతికి, ముచ్చటగా సెట్ చేసి ఇచ్చాను. దర్శకుడు చేతిలోకి తీసుకుని, ‘ఏదో ఫొటోస్టాట్ కొట్టిన పెళ్లి కార్డులా ఉందండీ’ అన్నాడు. కోపం వచ్చింది. ఇంటికొచ్చి భూతద్దం కింద ఒక అసలు పాత పేజీని, నాదాన్ని పక్కపక్కన పెట్టి చూశాను. పాత పేజీలో ఒకే అక్షరం పదిచోట్ల పది రకాలుగా ఉంది. ఒకచోట సిరా నిండి కడుపు పూడుకుపోయింది, ఒకచోట అంచు విరిగింది, ఇంకోచోట దిమ్మ కాస్త పైకి లేచి నల్లగా అంటింది. వరసల మధ్య మాటల సందులు ఎగుడుదిగుడు. నా పేజీలో అన్ని అక్షరాలూ కవలపిల్లలు. ఫాంట్ సరైనదే, మిషన్ తప్పు. ఆ రాత్రి సందులు చేత్తో చెడగొట్టి, ముతక కాగితం మీద ప్రింటు తీసి, దాన్ని కాపీ తీసి, ఆ కాపీని మళ్లీ కాపీ తీశాను. మర్నాడు ఆయన ఏమీ అనకుండా తీసుకున్నాడు.

ఇప్పటి కాలానికి గుర్తు ఏది అంటారా? లోగోలు చూస్తే తెలుస్తుంది. గూగుల్ 2015లో తోకలు తీసేసింది, ఫ్యాషన్ కంపెనీ బర్బరీ 2018లో లావుపాటి సాన్స్‌కి మారింది, ఇంకా ఎందరో. ఒకే లోగో గోరంత ఐకాన్‌లోనూ భవనమంత హోర్డింగ్ మీదా నిలవాలి మరి. కానీ అన్నీ ఒకేలా అయ్యేసరికి విసుగు పుట్టింది, 2023లో బర్బరీ మళ్లీ తోకల వైపు తిరిగింది. నన్నడిగితే మన కాలాన్ని రేపు పట్టిచ్చేది లోగోలు కాదు, చిన్న వీడియోల మీద ఒక్కో మాటా టపటపా ఎగిరిపడే ఆ లావుపాటి క్యాప్షన్లు. సౌండ్ లేకుండా చూసేవాళ్ల కోసం మొదలయ్యాయి. సౌండ్ పెట్టుకున్నా ఇప్పుడు అవి లేకపోతే వెలితిగా ఉంటోంది.

సరే, మీ పోస్టర్. కూపర్ బ్లాక్, ఐటీసీ సూవనీర్, ఆవాంత్ గార్డ్ గోథిక్, వీటిలో ఏదైనా ఒక్కటే తీసుకోండి, మూడూ కలపకండి. హెడ్డింగులో అక్షరాల సందులు బాగా తగ్గించండి, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కెర్నింగ్‌ని నమ్మకుండా జంట జంటా చేత్తో సర్దండి. వరసల మధ్య జాగా కూడా బిగించండి, పై వరస తోక కింది వరస తలకు తగిలీ తగలనట్టు. కంప్యూటర్ గీత మరీ పదునుగా ఉంటుంది కాబట్టి అక్షరాల మూలల్ని రవ్వంత మొద్దు చేయండి. కొద్దిగా బ్లర్ చేసి, మళ్లీ కాంట్రాస్ట్ పెంచితే లైటు ఒలికినట్టే వస్తుంది. చిన్న అక్షరాలకు మాత్రం ఆ బ్లర్ వద్దు, కడుపులు పూడుకుపోతాయి. నీడలు, మెరుపులు కంప్యూటర్‌లో రెడీగా ఉన్నాయి కదా అని పెట్టకండి. గీతల మీద గీతలు సమాంతరంగా పోయే అవుట్‌లైన్ పెట్టొచ్చు, అది అప్పటిదే. రంగులు మూడు దాటనివ్వకండి, ఒక రంగు ఇంకో రంగు మీద వెంట్రుకవాసి పక్కకు జరిగి పడితే ఇంకా మంచిది. చేశాక ఒక ప్రింటు తీసి గోడకి అంటించి, నాలుగడుగుల దూరం నుంచి చూడండి. ఎక్కడైనా రెండు అక్షరాల మధ్య గాలి ఆడుతున్నట్టు అనిపిస్తే ఇంకా బిగించాలి.